ఫోనిక్స్ గుణింతం కాదు

విన్నిపెగ్ నగరానికి దక్షిణాన వేవర్లీ వెస్ట్ వంటి కొత్త పేటల్లో కాపురముంటున్న తెలుగు కుటుంబాలలో, అయిదేళ్ళ బిడ్డ కిండర్‌గార్టెన్‌కు వెళ్ళడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒక చిన్న తగవు పుడుతుంది. బిడ్డ ‘ఎస్’ అనే అక్షరాన్ని చూసి పాము బుసలాగా ‘స్‌స్‌స్’ అంటుంది. తండ్రి ‘అది ఎస్ అమ్మా’ అని దిద్దుతాడు. బిడ్డ ‘ట్’ అంటే తల్లి ‘టీ’ అంటుంది. టీచరునడిగితే ఇది ఫోనిక్స్ పద్ధతి, అక్షరాల పేర్లు తరవాత వస్తాయి, ముందు వాటి పలుకులు రావాలి అంటుంది. కొన్నాళ్ళకు తల్లిదండ్రులు సమాధానపడతారు, సంతోషిస్తారు కూడా. ‘ఇది మన పద్ధతే కదా, మనకు అక్షరానికి పేరొకటి, పలుకొకటి లేవు, క అంటే క’ అని ఒకరితో ఒకరు చెప్పుకుంటారు. ఈ మాటలో సగం నిజం. మిగిలిన సగం బిడ్డ చదువుకు అడ్డం వస్తుంది. అడ్డం వస్తున్నట్టు ఎవరికీ కనబడదు కనుక దానిని కొంచెం నిదానించి చూడవలసి ఉన్నది.

ఇంగ్లీషు రాతలోని అక్షరాలకూ పలుకులోని ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని బిడ్డ ఊహకు వదలకుండా, ఒక క్రమంలో, నేరుగా నేర్పడమే ఫోనిక్స్. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. ధ్వనులు, మాండలికాన్ని బట్టి, సుమారు 44. అర్థభేదం కలిగించే ఈ కనిష్ఠ ధ్వనిని భాషాశాస్త్రజ్ఞులు ధ్వనిమం అంటారు. ఇక్కడ పాత మాట వర్ణం చాలు. 1992లో బ్రిటన్‌లో మొదలై ఇప్పుడు అనేక దేశాల బడులకు పాకిన జాలీ ఫోనిక్స్ 42 ధ్వనులను పట్టిక వేసింది. అది ఏ, బీ, సీ వరసలో వెళ్ళదు. ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్ అనే ఆరింటితో మొదలవుతుంది. ఆ ఆరూ వస్తే చాలు, సిట్, పిన్, ట్యాప్ వంటి డజన్లకొద్దీ చిన్న పదాలను బిడ్డ తానే కూర్చుకొని చదవగలదు. తెలుగు వర్ణమాల వరస దీనికి భిన్నమైనది. కంఠం నుంచి పెదవుల దాకా క వర్గం, చ వర్గం, ట వర్గం, త వర్గం, ప వర్గం అని నోటిలోని స్థానాలను బట్టి పేర్చిన వరస అది. ధ్వనిశాస్త్రజ్ఞుడు వేసిన పట్టిక. పిల్లవాడి సౌకర్యం చూసి వేసినది కాదు. బిడ్డ అ నుంచి బండి ఱ దాకా కంఠస్థం చేసినా ఒక్క వాక్యం చదవలేదు.

అసలు తేడా వరసలో లేదు, కొలతలో ఉన్నది. తెలుగు బిడ్డ నేర్చే అక్షరం వర్ణం కాదు. క అంటే క్, అ అనే రెండు వర్ణాలు కలిసిన ఒక ముద్ద. తెలుగులో ‘అక్షరం’ అన్న ఒకే మాట రాతలోని గుర్తుకూ, పలుకులోని ఆ ముద్దకూ, ఛందస్సులో గురులఘువులుగా లెక్కించే మాత్రల గూటికీ చెల్లుతుంది. గుణింతం ఆ ముద్దను విడదీస్తుందని అనుకుంటారు. విడదీయదు. బడిలో పిల్లలు పాడే వరుసను గుర్తు తెచ్చుకుంటే చాలు: కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. గుడి, కొమ్ము వంటివి కంటికి కనిపించే గీతల పేర్లు. క్ అనే ధ్వనికి ఇ అనే ధ్వని చేరితే కి అయిందని ఆ పాటలో ఎక్కడా లేదు. గుడి అన్న మాటలో ఇ అనే పలుకు ఉన్నా అది ఆ గీత పేరులో తగిలిన యాదృచ్ఛికమే. బిడ్డ ‘క’ అనే బొమ్మపై ఒక గీత చేరిస్తే ‘కి’ అనే మరో బొమ్మ వచ్చిందని నేర్చుకుంటుంది. వ్యాకర్త మనసులో క్ + ఇ ఉన్నది. పిల్లవాడి నోట లేదు.

తెలుగు బడిలో పిల్లవాడు ముద్దను నిజంగా పగలగొట్టేది సంధి పాఠం వచ్చినప్పుడు. రాముడు అన్న పదం చివర డు ఉన్నది, దానిలో డ్ వేరు, ఉ వేరు, ఆ ఉ లోపించి డ్ మీదికి అ వచ్చి చేరితే రాముడతడు అవుతుంది అని ఉపాధ్యాయుడు బల్ల మీద రాసి చూపిస్తాడు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు కూడా ఉత్వసంధి మింగుడు పడకపోవడం అందరికీ తెలిసిందే. అది తెలివి లోపం కాదు, అంతవరకు అక్షరాన్ని అట్లా చీల్చవలసిన అవసరం వారికి రాలేదు. ఆ పనినే ఫోనిక్స్ అయిదేళ్ళ బిడ్డ చేత చేయిస్తుంది. తెలుగు లిపికి అక్కచెల్లెలి వంటి కన్నడ లిపిలో చదువు నేర్చే పిల్లలపై సోనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికివస్తుంది. ఆ పిల్లలకు అక్షర స్థాయిలో పలుకును విడదీసే నేర్పు ముందుగా వచ్చింది; వర్ణ స్థాయిలో విడదీసే నేర్పు చాలా ఆలస్యంగా, నెమ్మదిగా వచ్చింది; అక్షరాలన్నీ పట్టుబడడానికే ప్రాథమిక పాఠశాలలో నాలుగేళ్ళ వరకూ పట్టింది. తెలుగు పిల్లల విషయంలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన దుగ్గిరాల వసంత ఇదే దారిలో పనిచేసి 2004లో తమ పరిశీలనలను వెలువరించారు. పైపైన ఒకటిగా కనిపించే రెండు పద్ధతుల నడుమ ఉన్న అగాధం ఇదే.

ఇది తెలియని తల్లి సాయం చేయబోయి ఏమి చేస్తుందో చూడాలి. బి అక్షరం పలుకు ‘బ్’ అని టీచరు చెప్పింది. తెలుగు నోటికి హల్లు ఒంటరిగా నిలవదు. వర్ణమాలలో హల్లులన్నీ అకారం తోడు తెచ్చుకొనే వస్తాయి. పైగా తెలుగు అజంత భాష. బస్ వచ్చి బస్సు అయింది, బుక్ వచ్చి బుక్కు అయింది. కనుక తల్లి నోట ‘బ్’ కాస్తా ‘బ’ అవుతుంది, ‘ట్’ కాస్తా ‘ట’ అవుతుంది. ఇప్పుడు బిడ్డ బ, యా, ట అని మూడు ముక్కలు పలికి వాటిని కలపాలి. ఎంత వేగంగా కలిపినా ‘బయాట’ వస్తుంది కాని ‘బ్యాట్’ రాదు. చాలామంది పిల్లలు ఈ చిక్కును తామే దాటిపోతారు. దాటలేని బిడ్డ మాత్రం కలిపే పని తనకు రాదని నమ్మి పదాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకోవడం మొదలుపెడుతుంది.

తల్లిదండ్రుల చిన్ననాటి ఇంగ్లీషు చదువుకు మరో జాడ కూడా ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ బడులలో చదివినవారు ‘సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి’ అన్న వరుసను మరచిపోలేరు. విమర్శకు ఇంతకంటె మంచి పాఠ్యం దొరకదు. అక్షరాల పేర్లు మూడు, పదం ఒకటి, దాని తెలుగు అర్థం ఒకటి, ఈ మూడింటినీ శ్రుతితో కట్టిపడేసిన సూత్రమది. సీ, ఏ, టీ అన్న మూడు పేర్లను ఎంత కలిపినా ‘సీయేటీ’ వస్తుందే కాని క్యాట్ రాదు. పేర్లకూ పలుకుకూ నడుమ వంతెన లేదు; ఆ లోటును కంఠస్థం పూడ్చింది. ఆ దారిన నడిచి ఇంజనీర్లు, డాక్టర్లు అయి కెనడా వచ్చినవారు ఎందరో ఉన్నారు కనుక ఆ పద్ధతి మంచిదేనన్న వాదన వినబడుతుంది. ఆ తరగతి గదిలో వెనక బెంచీలో మిగిలిపోయినవారు వలస రాలేదు కనుక వారి సాక్ష్యం ఇక్కడ వినబడదు.

ఇంగ్లీషు చదవడం నేర్చుకోవడం ఏ దేశపు బిడ్డకైనా కష్టమేనన్న సంగతికి గట్టి ఆధారాలున్నాయి. ఫిలిప్ సీమోర్, అతని సహచరులు ఐరోపాలోని 13 భాషల పిల్లలను పోల్చి 2003లో ఫలితాలు ప్రకటించారు. మొదటి ఏడాది బడి ముగిసేసరికి ఫిన్లాండు, జర్మనీ, గ్రీసు పిల్లలు తెలిసిన పదాలలో దాదాపు 98 శాతం సరిగా చదివారు. ఇంగ్లీషులో చదివే స్కాట్లండు పిల్లలు చదివినది 34 శాతం. స్కాట్లండు పిల్లలు మందమతులని ఎవరూ అనరు. రాతకూ పలుకుకూ పొత్తు కుదిరిన భాషలో పని తేలిక, పొత్తు చెదిరిన భాషలో పని కష్టం.

ఈ మాటకు మానిటోబాలోనే, విన్నిపెగ్ సరస్సు ఉత్తరపు కొసన, ఒక పాత సాక్ష్యం ఉన్నది. 1840లో నార్వే హౌస్ వద్ద జేమ్స్ ఎవాన్స్ అనే వెస్లియన్ మిషనరీ క్రీ భాషకు ఒక లిపిని వాడుకలోకి తెచ్చాడు. తొమ్మిది ఆకారాలు, ఒక్కొక్క ఆకారాన్ని నాలుగు దిక్కులకు తిప్పితే నాలుగు అచ్చులు పలుకుతాయి. మొత్తం 36 గుర్తులు. ఆకారం హల్లు, అది చూసే దిక్కు అచ్చు. గుణింతం తెలిసినవాడు ఈ పట్టిక చూస్తే ఒక్క క్షణం ఆగిపోతాడు. ఇందులో దేవనాగరి ఛాయ ఉన్నదని కొందరు పండితులు ఊహించారు. 1837లో వచ్చిన పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ ఛాయ కూడా ఉన్నదన్నారు. క్రీ పెద్దల కథనం వేరు: కాలింగ్ బ్యాడ్జర్ అనే పూర్వికుడికి ఈ లిపి ఆత్మలోకంలో లభించిందని వారు చెప్పుకుంటారు. పుట్టుక ఎట్లాంటిదైనా వ్యాప్తి మాత్రం అద్భుతం. తేయాకు పెట్టెల సీసపు రేకులను కరగించి అచ్చులు పోశారు, మసితో సిరా చేశారు. ఆ తరవాత అచ్చుయంత్రాల కోసం ఎదురుచూడకుండా వేటగాళ్ళు, పడవవాళ్ళు బర్చ్ చెట్టు బెరడు మీద ఒకరికొకరు నేర్పుకుంటూ పోయారు. బడి గదులు లేకుండానే, కొద్ది దశాబ్దాలలో ఆ ప్రాంతమంతటా క్రీ ప్రజలు చదవడం, రాయడం నేర్చారు. భాషకు అమరిన లిపి దొరికింది కనుకనే అది సాధ్యమయింది. అదే ప్రజల పిల్లలను తరవాత రెసిడెన్షియల్ బడులలో వేసి ఇంగ్లీషు మాత్రమే నేర్పబోయిన చరిత్ర కూడా ఈ ప్రాంతానిదే.

ఇంగ్లీషు విషయంలో ఇంత కష్టం ఉన్నప్పుడు దానిని ఏ విధంగా నేర్పాలన్న తగవు సహజంగానే పెద్దదయింది. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ రాసిన ‘వై జానీ కాంట్ రీడ్’ అమెరికాలో సంచలనం రేపింది. 1967లో జీన్ చాల్ ఆ వివాదాన్ని శాస్త్రీయంగా తరచి ఫోనిక్స్ వైపు మొగ్గింది. అదే ఏడాది కెన్ గుడ్‌మన్, చదవడమంటే సందర్భాన్ని బట్టి ఊహిస్తూ పోవడమని వాదించాడు. పదం తెలియకపోతే బొమ్మ చూడు, వాక్యంలో ఏది అతుకుతుందో ఆలోచించు, మొదటి అక్షరం చూసి ఊహించు అన్న బోధన తరవాత దశాబ్దాల పాటు బడులను ఏలింది. న్యూజీలండ్‌లో మరీ క్లే రూపొందించిన రీడింగ్ రికవరీ కూడా ఆ చాయలోదే. మానిటోబా బడులలో దానికి చాలాకాలం ఆదరణ ఉండేది, ఇటీవల కొన్ని డివిజన్లు వదులుకున్నాయి. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్, 2006లో ఇంగ్లండులో జిమ్ రోజ్ నివేదిక, రెండూ క్రమబద్ధమైన ఫోనిక్స్ బోధనను సమర్థించాయి.

కెనడాలో ఈ తగవు బోధనాశాస్త్రం నుంచి హక్కుల చట్టంలోకి నడిచింది. డిస్లెక్సియా ఉన్న ఒక బాలుడికి ఉత్తర వాంకూవర్ పాఠశాలా విభాగం తగిన సాయం అందించలేదన్న ఫిర్యాదు మీద 2012లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ బాలుడి పక్షాన తీర్పు చెప్పింది. న్యాయపరిభాషలో మూర్ కేసుగా పేరుపడిన ఆ తీర్పు మీద నిలబడి ఒంటారియో మానవహక్కుల కమిషన్ విచారణ జరిపి, 2022 ఫిబ్రవరి 28న 157 సిఫారసులతో ‘చదివే హక్కు’ నివేదికను విడుదల చేసింది. ఊహించి చదవమనే బోధనను మాని, ధ్వనులూ అక్షరాలూ నేరుగా నేర్పాలని, చిన్న తరగతులలోనే ప్రతి బిడ్డనూ పరీక్షించాలని అది చెప్పింది. 2023లో ఆ రాష్ట్రం తన భాషా పాఠ్యప్రణాళికను మార్చింది. మానిటోబా మానవహక్కుల కమిషన్ కూడా అదే ప్రశ్నను చేతికెత్తుకుంది. పిల్లలందరికీ తొలి తరగతులలో పఠన పరీక్ష జరగాలన్న ప్రతిపాదన విన్నిపెగ్‌లోని శాసనసభ దాకా వచ్చింది.

ఇంత జరుగుతున్నా తెలుగు ఇళ్ళలో ఈ ప్రస్తావన అరుదు. దానికి కారణం ఉన్నది. తెలుగు లిపిలో తప్పుగా చదవడం కష్టం. అక్షరాలు వచ్చినవాడు ఏదో ఒక విధంగా, నెమ్మదిగానైనా, కూడబలుక్కొని చదువుతాడు. అందువల్ల డిస్లెక్సియా ఉన్న తెలుగు బిడ్డ ఊళ్ళో ‘మందకొడి’గా, ‘శ్రద్ధ లేనివాడు’గా పేరు తెచ్చుకున్నాడే కాని, చదవలేనివాడుగా లెక్కకు రాలేదు. ఆ బిడ్డే విన్నిపెగ్‌లో పుట్టి ఇంగ్లీషు పుస్తకం పట్టినప్పుడు లోపం బయటపడుతుంది. అప్పుడు తల్లిదండ్రులకు వెంటనే తట్టే కారణం రెండు భాషలు. ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్ల బిడ్డ తికమక పడుతున్నదని, తెలుగు మానేస్తారు. రెండు భాషలు డిస్లెక్సియాను కలిగించవు. మానినందువల్ల అది పోదు. బిడ్డకు తాతయ్యతో, అమ్మమ్మతో ఫోనులో మాట్లాడే భాష మాత్రం పోతుంది. 2007 నాటి ‘తారే జమీన్ పర్’ సినిమా ఈ సమస్యకు మన దేశంలో పేరు తెచ్చిపెట్టింది. అందుకు దానికి రుణపడాలి. కాని ఆ సినిమా అక్షరాలు తలకిందులుగా కనబడడాన్ని లక్షణంగా నాటింది. అయిదారేళ్ళ పిల్లలు చాలామంది బి, డి లను తారుమారు చేస్తారు. డిస్లెక్సియా మూలం ఎక్కువగా చెవి వైపు, అంటే పలుకును వర్ణాలుగా విడదీయలేకపోవడంలో ఉన్నదన్నది పరిశోధకులలో బలపడిన అభిప్రాయం. అక్షరాలు తిరగబడడం లేదు కనుక మా బిడ్డకు ఆ బాధ లేదని ఊరటపడే తల్లిదండ్రులు ఏడాదిని, రెండేళ్ళను పోగొట్టుకుంటారు. సంకోచం వదిలి బడిలో అడగవలసినది ఆ ఏడాదిలోనే.

అట్లాగని ఫోనిక్స్‌ను వేదంగా పట్టుకొనే అంగళ్ళను కూడా నమ్మనక్కరలేదు. తెలుగువారు ఇంటికి తెప్పించుకొనే ఫోనిక్స్ పుస్తకాలు, వీడియోలలో అనేకం బ్రిటన్ ఉచ్చారణ మీద, కొన్ని హైదరాబాదు ట్యూషన్ల ఉచ్చారణ మీద నిలిచినవి. బ్రిటన్‌లో ‘కాట్’, ‘కాట్’ అని ఇక్కడ ఒకేలా వినబడే రెండు పదాలకు, అంటే మంచానికీ పట్టుకున్నాడన్న క్రియకూ, వేరు వేరు అచ్చులున్నాయి. కెనడా ఇంగ్లీషులో ఆ రెండూ కలిసిపోయాయి. బ్రిటన్ పట్టికలో చాలాచోట్ల ఆర్ పలకదు, విన్నిపెగ్‌లో గట్టిగా పలుకుతుంది. బిడ్డ చెవికి లేని భేదాన్ని వినమని ఇంట్లో గద్దించడం వృథా ప్రయాస. తెలుగువాడి చెవి ఇబ్బంది మరొకటి: వ ఒక్కటే కనుక వి, డబ్ల్యు ధ్వనుల భేదాన్ని తల్లిదండ్రులు పలికి చూపలేరు. అక్కడ మౌనంగా ఉండి బడికి వదిలేయడమే మేలు.

రాత దగ్గర ఓర్పు ఇంకా ఎక్కువ కావాలి. ఫోనిక్స్ రెండు దిక్కుల దారి. కలిపితే చదువు, విడదీస్తే స్పెల్లింగ్. పలుకును బట్టి రాయమన్న బిడ్డ ‘ట్రైన్’ అన్న పదాన్ని సి, హెచ్‌లతో మొదలుపెట్టవచ్చు. ఉత్తర అమెరికా ఉచ్చారణలో ట్, ర్ కలిసినచోట చకారపు ఛాయ వినబడుతుంది కనుక. ఇటువంటి రాతలను సేకరించి, అవి పొరపాట్లు కావని, సూక్ష్మమైన శ్రవణానికి గుర్తులని 1971లో చార్ల్స్ రీడ్ చూపించాడు. తెలుగు తండ్రి చెవికి ట్రైన్‌లో ఉన్నది స్పష్టమైన ట; అతను ఎర్ర కలం తీస్తాడు. ఆ కాగితం మీద నిజానికి తండ్రి కంటె బిడ్డే బాగా విన్నది. స్పెల్లింగ్ బీ పోటీలలో తెలుగు పిల్లల విజయాలు చూసి మురిసే సమాజానికి ఇది జీర్ణం కావడం కష్టం.

తెలుగు అచ్చంగా రాసినట్టే పలికే భాష అన్న గర్వం కూడా కొంత తగ్గించుకోదగినదే. మేక అన్న మాటలోని మొదటి అచ్చు కోస్తా నోట ఏ కాదు. క్యాట్‌లో వినబడే ధ్వనికి దగ్గరగా ఉంటుంది. వచ్చాడులోని అచ్చు అంతే. దానికి తెలుగులో వేరే అక్షరం లేదు. బ్రహ్మ, చిహ్నం రాసిన వరసలో ఎవరూ పలకరు. శ, ష, స ల గోడలు రోజువారీ మాటల్లో ఏనాడో కూలాయి. ఇది నింద కాదు. ఈ మేక, వచ్చాడు ఇంట్లో ఉండగా క్యాట్‌లోని అచ్చును వినిపించడానికి తెలుగు తల్లికి మరే సాధనం అక్కరలేదు. ఎ, ఏ భేదం, ఒ, ఓ భేదం తెలుగుకు ఉన్నాయి, హిందీకి లేవు. పెన్, పేన్ తేడా బిడ్డకు ఇంట్లోనే అలవడింది.

మిగిలినది ఆదివారపు తెలుగు తరగతి. మానిటోబాలో 1916లో ద్విభాషా బోధనను రద్దు చేశారు. 1979లో ఉక్రేనియన్ ద్విభాషా తరగతులు తిరిగి మొదలయ్యాయి. తెలుగుకు ఆ బలం లేదు, వారానికి ఒకటి రెండు గంటలే. ఆ గంటలలో నాలుగైదు వందల గుణింత రూపాలను వరసగా వల్లె వేయించడం ఆనవాయితీ. చదవడమంటే గుర్తులు విప్పడం, భాష అర్థం కావడం, ఈ రెండింటి గుణకారమని 1986లో గఫ్, టన్మర్ ప్రతిపాదించారు. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్న అయితే ఫలితం సున్న. గుణింతమంతా చదివి, చదివిన పదానికి అర్థం తెలియని బిడ్డ తెలుగు చదివిందని అనలేము. బడిలో ఇప్పటికే వర్ణాలను కలపడం, విడదీయడం నేర్చి వచ్చిన బిడ్డకు క్, ఇ కలిస్తే కి అని ఒక్కసారి చూపితే, అది తక్కిన హల్లులన్నిటికీ తానే వర్తింపజేస్తుంది. గుడి, కొమ్ము పేర్లు ఆ తరవాత నేర్చినా నష్టం లేదు. ల, త, మ, న, ప, ట వంటి ఆరేడు అక్షరాలతో, రెండు మూడు గుణింతాలతో తాత, మామ, పాప, పాట, మాట వంటి ఇంటి మాటలు తొలి నెలలోనే చదివించవచ్చు. జాలీ ఫోనిక్స్ నుంచి తెలుగు తరగతి తీసుకోదగినది ఈ వరస ఒక్కటే. పాము బొమ్మ కాదు.

సాయి అన్న పేరున్న పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో తన పేరును బొమ్మలా గుర్తుపట్టి తన కోటు కొక్కెం దగ్గరికి వెళ్ళేవాడు. మొదటి తరగతిలో ఎ, ఐ అక్షరాలు పక్కపక్కన వస్తే రెయిన్‌లోలాగా ‘ఏ’ అని పలకాలని నేర్పుతారు. అప్పుడు వాడు తన పేరును చూసి ‘సే’ అని చదువుతాడు, చదివి తలెత్తి చూస్తాడు. వాడు చదివింది తప్పు కాదు. ఇంట్లో తల్లి ఒక కాగితం మీద తెలుగులో సాయి అని రాసి, దాని కింద స్, ఆ, య్, ఇ అని నాలుగు ముక్కలుగా విడదీసి రాసి, మెల్లిగా పలికి చూపించవచ్చు. రెండు అక్షరాలు, నాలుగు వర్ణాలు, బడిలో మూడు గుర్తులు. ఏడేళ్ళ పిల్లవాడికి ఈ లెక్క అర్థమవుతుంది.